మైకు చేతికిస్తే తప్పులు చెప్పుకున్నాను

ఆదోనిలో నేను నూలు కొనే అంగడి సేటు నన్ను చూడగానే గద్దె దిగి, పిడికిలి పైకెత్తి లాల్ సలాం అంటాడు. ఎగతాళికే. ఆ తర్వాత ఎప్పుడూ అడిగేదే అడుగుతాడు. "ఏమక్కా, ఇంకా ఉండాదా మీ పార్టీ?" నేనూ ఎప్పుడూ చెప్పేదే చెబుతాను. "ఉండాది కాబట్టే గదా సేటూ, నువ్వు లేసి నిలబడతాండావు." ఆయన నవ్వుతాడు, నేను నవ్వుతాను, నూలు కట్ట ఆటో ఎక్కుతుంది.

ఈమధ్య ప్రశ్న మార్చాడు. "మీ సమానత్వం, మీ సిద్ధాంతం ఇప్పటి రాజకీయాల్లో బతుకుతాదా అక్కా? నిజం సెప్పు." మార్చడానికి కారణముంది. మా ఎమ్మిగనూరులో మున్సిపాలిటీ ఎన్నికలు జరిగాయి. ఒక వార్డుకు మా ఎర్రజెండా పార్టీ తరఫున నిలబడింది నేనే. ఓడిపోయింది కూడా నేనే. ఓడిపోయిన మనిషి మొహం పెళ్ళికూతురి మొహంలా వెలుగుతోందేమిటని సేటు సందేహం. నాకు నవ్వు ఒక జబ్బని ఆయనకు తెలియదు. నవ్వకూడనిచోటే ముంచుకొస్తుంది. నా పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వచ్చింది. పరామర్శకు వెళ్ళిన ఇంట్లో కూడా ఒకసారి వచ్చి, దగ్గు అని చెప్పి తప్పించుకున్నాను. ఓడిపోయాక వచ్చిన నవ్వు మాత్రం జబ్బు కాదు. అదెలా వచ్చిందో సేటుకు చెబుదామంటే అంగట్లో ఎప్పుడూ జనమే. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా పార్టీ శాఖ సంగతి చెప్పాలి. మాది నేతగాళ్ళ వీధి. మగ్గాలు సగానికి సగం మూలపడ్డాయి, శాఖ మాత్రం నడుస్తోంది. శాఖ అంటే ఎనిమిదిమంది మనుషులు, రెండు చాపలు, తీర్మానాలు రాసే ఒక పుస్తకం, గోడకు ఒక జెండా. ఆ జెండా గుడ్డ మా చిన్నాయన సొంత మగ్గం మీద నేసింది. చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. డెబ్బై దాటిన మనిషి. శాఖకు కార్యదర్శి ఆయనే, నాకు అక్షరాలు, మగ్గానికి నూలు ఆసు పోయడం, నినాదాలు నేర్పిందీ ఆయనే. నాకు నలభై నాలుగేళ్ళు వచ్చినా ఇప్పటికీ పాపా అనే పిలుస్తాడు.

మా శాఖకు రెండు ఆచారాలున్నాయి. రెండూ చిన్నాయన పెట్టినవే. మొదటిది, ఏ నిర్ణయమైనా చెయ్యెత్తి చెప్పాలి. ఎత్తిన చెయ్యిని కార్యదర్శి పైకి లెక్కపెట్టేదాకా దించకూడదు. చిన్నాయన కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్కరి ముందు ఆగి, మొహంలోకి చూసి, "ఒకటి" అంటాడు. తర్వాతి మనిషి దగ్గరికి జరిగి "రెండు" అంటాడు. ఉన్నది ఎనిమిది మందే అయినా ఆఖరి మనిషి దగ్గరికి వచ్చేసరికి మొదటి మనిషి భుజం తిమ్మిరెక్కుతుంది. చెయ్యి ఊరికే లేవకూడదు, బరువు తెలియాలి అనేవాడు.

రెండోది ఆత్మవిమర్శ. సమావేశం చివర, టీ రాకముందు, ఒక్కొక్కరే లేచి తమ తప్పులు తామే చెప్పుకోవాలి. సాకులు చెప్పకూడదు, పక్కవాళ్ళ తప్పు చెప్పకూడదు, తప్పు పేరుతో తనను తాను పొగుడుకోకూడదు. నేను ఇరవై ఏళ్ళుగా ప్రతి నెలా లేచి చెప్పుకున్నాను. ధర్నాకు ఆలస్యంగా వచ్చాననీ, చందా పుస్తకం అటక మీద పెట్టి మరిచిపోయాననీ, మా ఆడబిడ్డ మీద కోపం కార్మికవర్గం మీద చూపించాననీ. ఉపన్యాసాలన్నీ చిన్నాయనవి. నేను జీవితంలో లేచి నిలబడి నలుగురిలో మాట్లాడిందంతా నా తప్పుల గురించే. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

కార్యదర్శి కాబట్టి చిన్నాయన వంతు అందరికంటే చివర. సరిగ్గా ఆయన లేచే వేళకు టీ వచ్చేది. టీ చల్లారిపోతుందని అందరం లేచేవాళ్ళం. ఇన్నేళ్ళూ ఆ టీ ఆయన్ని కాపాడుతూనే వచ్చింది. మాలో ఎవరికీ అది వింతగా తోచలేదు.

ఇక పొత్తు. ఎన్నికలు ప్రకటించగానే పైవాళ్ళు కూర్చుని ఒక పెద్ద పార్టీతో పొత్తు కుదిర్చారు. ఆ పెద్ద పార్టీ ఇన్‌ఛార్జిని తిడుతూ మేము పోయిన ఎన్నికల్లో బడి ప్రహరీ గోడ నిండా ఎర్ర అక్షరాలతో రాశాం. పొత్తు కుదిరిన మర్నాడు మా రాతను మేమే సున్నం కొట్టి చెరపాల్సి వచ్చింది. ఒకసారి కొట్టాం, కనిపిస్తోంది. రెండోసారి కొట్టాం, ఇంకా కనిపిస్తోంది. మూడోసారికి అక్షరాలు లేత రంగులో మరింత ముద్దుగా తేలాయి. అప్పట్లో మంచి రంగు వాడామని మాకే గర్వం వేసింది. బకెట్ కిందపెట్టి గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాను.

పొత్తులో మాకు దక్కింది ఒకే వార్డు. ఆడవాళ్ళకు కేటాయించింది. జిల్లా ఆఫీసు వాళ్ళు నా పేరు పంపారు. శాఖలో తీర్మానం పెట్టాం. చేతులు లేచాయి. చిన్నాయన లేచి లెక్కపెట్టాడు, "ఒకటి, రెండు," అంటూ ఏడు దాకా వచ్చాడు. తన చెయ్యి మాత్రం మోకాలి మీదే ఉంది.

"వాళ్ళతో కలిసి నడిసేది ద్రోహం. నేను సెయ్యెత్తను. తీర్మానం గెలిసింది, రాసుకోండి," అని పుస్తకం నా ముందుకు తోశాడు. అందరికీ వినిపించేలా సిద్ధాంతం మీద పావుగంట మాట్లాడి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. ప్రచారానికీ రాలేదు.

అందరూ నేను గెలుస్తానా ఓడతానా అని పందేలు వేసుకుంటుంటే నాకు మాత్రం ఆ లేవని చెయ్యే కళ్ళముందు ఆడేది. కౌన్సిలర్ కావాలన్న ఆశ నాకు లేదని అబద్ధం చెప్పను, బాగానే ఉండింది. కానీ వార్డంతా ఓటేసినా ఆయన చెయ్యి లేవకపోతే ఆ గెలుపు నాకు ఒంటబట్టదు. పైగా ఆయన చెప్పింది నిజమేమోనని లోపల భయం. పొద్దున ఇల్లిల్లూ తిరిగి ఓటడిగేదాన్ని, మధ్యాహ్నం మగ్గం ముందు కూర్చుని, నేను చేస్తున్నది ద్రోహమా కాదా అని పోగు తెగినప్పుడల్లా ఆలోచించేదాన్ని. ఆ రోజుల్లో పోగులు చాలా తెగాయి.

ఇన్‌ఛార్జి మా వీధికి ప్రచారానికి వచ్చే రోజు రానే వచ్చింది. పొద్దున ఎనిమిదికే ముందు డప్పులు, వెనక పైకప్పు తెరిచిన బండి, దాని వెనక ఇంకో పది బండ్లు. బండ్లు వీధి మొగదల్లో ఆగిపోయాయి. కారణం, వీధి పొడవునా పడుగు పరిచి ఉంది. మగ్గానికెక్కించే నిలువు పోగుల్ని వీధిలో కర్రల మీద చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టడం మా పాత పద్ధతి. ఇప్పుడందరూ గంజి పెట్టిన పడుగే కొనుక్కొస్తారు. వీధిలో పరిచేది చిన్నాయన ఒక్కడే, అదీ ఎప్పుడో ఒకసారి. తడి పడుగును ఎవరూ దాటకూడదు. దాటితే పోగులు అంటుకుని మొత్తం పాడవుతుంది. మా వీధిలో పెళ్ళి ఊరేగింపులు కూడా పడుగు ఆరేదాకా ఆగుతాయి.

"ఎవురిదప్పా ఇది? ఎత్తమను," అన్నాడు డ్రైవరు.

"ఆరాల," అంది మా శాఖలోని కోసిగక్క. ఈమె కోసిగి నుంచి వచ్చి మా వీధిలో ఉంటుంది. ఏడాదికి మూడు నెలలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయి వస్తుంది. ఎవరికీ జంకే మనిషి కాదు. "వానొచ్చేటట్టుందని పెద్దాయన పొద్దున్నే పరిసినాడు. దిగి నడిసి రాండి."

ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ చురుక్కుమంటోంది. చిన్నాయన అరుగు మీద కూర్చుని, ఎవరినీ చూడకుండా కుంచె దులుపుకుంటున్నాడు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇన్‌ఛార్జి దిగాడు. తెల్లచొక్కా, మెడలో కండువా. గోడకూ పడుగుకూ మధ్యనున్న సందులో ఒక పక్కకు తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని, నడిచి వచ్చాడు. ఆయన వెనక ముప్పై మంది అట్లాగే పక్కకు తిరిగి నడిచారు. వీధిలో ఆడవాళ్ళంతా గడపల్లో నిలబడి ఆ ఊరేగింపు చూశారు. మధ్యలోకొచ్చాక ఆయన చెమట తుడుచుకుని, నా మంచితనం గురించి నాలుగు ముక్కలు చెప్పి, మైకు నా చేతికిచ్చాడు. "నీ గురించి రెండు మాటలు సెప్పమ్మా."

మైకు చేతికొచ్చింది. చిన్నాయన కుంచె దులపడం ఆపాడు. నా మెదడులో ఉన్నదంతా ఎటు పోయిందో పోయింది. ఇరవై ఏళ్ళ అలవాటు ఒక్కటే మిగిలింది. నిలబడి ఉన్నాను, నలుగురూ చూస్తున్నారు, చెప్పాల్సింది నా గురించే. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నా తప్పులు సెప్పుకుంటాండాను. మురుక్కాలవ సంగతి అడగాలని పోయిన నెల మున్సిపాలిటీ ఆఫీసుకు పోయినాను. వాళ్ళు కుర్సీ ఏసి కూసోమన్న్యారు. ఆ మర్యాదకు పొంగిపోయి, కాలవ మాట మర్సిపోయి, టీ తాగి ఇంటికొచ్చినాను. అది తప్పు. రెండోది, నీళ్ళు దినామూ ఇప్పిస్తానని నిన్న పై వీధిలో సెప్పినాను. ఒక్క కౌన్సిలరుతో అది కాదు. నాకు తెలిసే సెప్పినాను. మూడోది, పోయినసారి ఈ అన్న దిష్టిబొమ్మను ఈ వీధిలోనే కాల్సినాము. ఆ బొమ్మకు సొక్కా కుట్టింది నేనే. కొలత సిన్నదైంది. పొట్ట దగ్గర గుండీ పట్టల్యా. పని శ్రద్ధగా సెయ్యల్యా. అది కూడా తప్పే."

ముందు ఎవరో ఒక ముసలమ్మ కిసుక్కుమంది. అంతే, వీధి మొత్తం ఊగిపోయింది. గడపల్లో ఉన్నవాళ్ళు పక్కవాళ్ళ భుజాల మీద వాలి నవ్వారు. డప్పులవాళ్ళు నవ్వలేక నవ్వి డప్పులు కిందపెట్టారు. ఇన్‌ఛార్జి తన చొక్కా గుండీ వైపు చూసుకోవడం నేను చూశాను. అది చూశాక నేనూ ఆగలేకపోయాను. మైకు చేతిలో ఉందని కూడా మరిచి నవ్వాను, నా నవ్వు నాలుగు వీధుల అవతలికి వినిపించిందట.

"మరి అన్న తప్పులు?" అంది కోసిగక్క.

ఇన్‌ఛార్జి తెలివైనవాడు. వెంటనే అందుకున్నాడు. "నా తప్పొకటే తల్లీ. జనం కోసం నిద్ర, తిండి మానుకుని పని సేస్తాను."

"అది తప్పు కాదు, పొగుడుకునేది," అన్నాడు అరుగు మీంచి చిన్నాయన. అన్ని రోజుల తర్వాత నేను విన్న ఆయన మొదటి మాట. "ఇంగోటి సెప్పప్పా."

ఇన్‌ఛార్జి వెనక్కి చూశాడు. బండి దూరంగా ఉంది, మధ్యలో పడుగు ఉంది, గంజి ఇంకా ఆరలేదు. తొందరగా జారుకునే దారి లేదు. కాసేపు కండువా కొస మెలిపెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఇరవై ఏండ్లుగా ఈ వీధికి వస్తాండాను. బండి దిగి ఈడ కాలు పెట్టింది ఈ పొద్దే."

జనం చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు. ఆయన మొహం విచ్చుకుంది. ఇంకొకటి కూడా చెప్పేవాడేమో, పక్కనున్నవాళ్ళు రెక్క పట్టుకుని తీసుకెళ్ళారు. అప్పుడు కోసిగక్క అరుగు వైపు తిరిగింది. "మరి మా కార్యదర్శివి?"

చిన్నాయన లేచాడు. "పడుగు ఆరింది, ఎత్తండి," అన్నాడు. ఆరలేదని అందరికీ తెలుసు.

ఆ సాయంత్రమే జిల్లా ఆఫీసు నుంచి ఒక కామ్రేడ్ పరుగున వచ్చాడు. పొత్తు ధర్మం మంటగలిపానని కేకలేశాడు. వివరణ ఇవ్వమన్నాడు. మైకులో ఆత్మవిమర్శ చేసుకున్నందుకు కూడా ఆత్మవిమర్శ చేసుకున్నాను. ఆయన తల పట్టుకుని బస్సెక్కాడు.

ఈలోగా వార్డుకు ఈ రోగం అంటుకుంది. ఓటడగడానికి ఎవరొచ్చినా జనం "మీ తప్పులు సెప్పండి" అనడం మొదలుపెట్టారు. ఒక స్వతంత్ర అభ్యర్థి రెండు తప్పులు చెప్పి మూడోది గుర్తురాక ఇంటికెళ్ళి భార్యను అడిగి వచ్చాడు. నా మీద గట్టి పోటీ ఇంకో పార్టీ అమ్మాయిది. పోస్టర్లో ఆమె బొమ్మ చిన్నది, ఆమె భర్త బొమ్మ పెద్దది. మాట్లాడేదంతా ఆయనే. "మా ఇంటామె తరఫున నేను సెప్తాను" అని మొదలుపెట్టాడు. కోసిగక్క ఒప్పుకోలేదు. "ఆయమ్మ తప్పు ఆయమ్మే సెప్పల్ల."

ఆ పిల్ల ముందుకొచ్చింది. "నా తప్పు ఏమంటే, ఇన్ని దినాలూ ఈయన మాట్లాడతాంటే ఊరకుండేది," అంది.

నేను ఆ గుంపులోనే ఉన్నాను. ఈ పిల్లకు నేనే ఓటేస్తానేమోనని భయమేసింది. వార్డు వేసేసింది. చాలా తక్కువ తేడాతో ఆమే గెలిచింది, మా శాఖ చాప మీద పుట్టిన ఆచారంతో మా అభ్యర్థినే ఓడించింది. ఇప్పుడు మున్సిపాలిటీకి ఆమె ఒక్కతే వెళుతోంది, భర్త ఇంటి దగ్గర ఉంటున్నాడు. సిద్ధాంతం బతికిందా అని సేటు అడిగితే నేనేం చెప్పను? బతికింది సేటూ, మా గుర్తు మీద తప్ప అన్నిచోట్లా బతికింది అని చెప్పాలి.

కానీ నా మొహం వెలగడానికి కారణం అదొక్కటే కాదు. ఫలితాలు రాకముందే నాకు రావాల్సింది వచ్చేసింది.

పోలింగుకు ముందు శాఖ చివరి సమావేశం పెట్టుకున్నాం. పిలవకుండానే చిన్నాయన వచ్చాడు. చాప మీద కూర్చోలేదు. "ఈ పొద్దు నా వంతు ముందు," అన్నాడు. "టీ తెచ్చేవానికి నిదానంగా రమ్మని సెప్పినాను."

కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పొత్తు తప్పన్న్యాను. ఇప్పుడూ తప్పే అంటాను. అది మారదు. అయితే ఆ దినం నా సెయ్యిని లేవనీకుండా పట్టుకున్న్యది ఆ మాట కాదు. ఇన్నేండ్లు మైకు పట్టినోన్ని, పాప పేరు పంపేముందు నన్నొక మాట అడగల్యా. కడుపు మండింది. ఆ మంటకు సిద్ధాంతమని పేరు పెట్టి మీ అందరి ముందరా పావుగంట మాట్లాడినాను. అది పెద్ద తప్పు. ఇంగ పడుగు. వానొస్తాదని కాదు పరిసింది."

చివరి మాటకు మేము నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాం. ఆ మనిషి మీద నాకు ఎంత కోపముందో అప్పుడే తెలిసింది, అది ఎంత త్వరగా పోయిందో కూడా.

"అయితే ఇప్పుడెత్తు సిన్నాయనా సెయ్యి," అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. "తీర్మానం ముగిసినాక ఎత్తిన సెయ్యి లెక్కకు రాదు పాపా. ఆ రూలు పెట్టింది నేనే." పంతం మాత్రం ఎక్కడికీ పోలేదు. టీ వచ్చింది, అందరం తాగాం, ఆయన చెయ్యి గ్లాసు ఎత్తింది తప్ప ఇంకేమీ ఎత్తలేదు.

పోలింగు రోజు బడి గేటుకు దూరంగా, ముగ్గుపిండితో గీసిన గీత ఇవతల నేను నిలబడ్డాను. పది గంటలప్పుడు చిన్నాయన లోపలికి వెళ్ళాడు. లోపల ముద్ర ఎక్కడ గుద్దాడో నాకు తెలియదు, అడగను. బయటికి వచ్చి గేటు దగ్గర ఆగాడు. చెప్పులు విడిచాడు. నా వైపు తిరిగి కుడిచెయ్యి నిటారుగా పైకెత్తాడు.

"ఏం తాతా, ఎవురిని పిలుస్తాండావు?" అంది అక్కడున్న ఆడ కానిస్టేబుల్. "సెయ్యి దించు తాతా, ఏదో పార్టీ గుర్తనుకుంటారు." ఆయన పిడికిలి బిగించాడు, దించలేదు. వరుసలో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. ఎండ. చెయ్యి సన్నగా వణుకుతోంది. ఆ పిడికిలి ఎంతసేపు అట్లా ఉంటుందా అని నేనూ అందరితోపాటు చూస్తున్నాను. తర్వాత తట్టింది నాకు, ఆయన ఎదురుచూస్తున్నది నా కోసమే.

గీత దగ్గర నిలబడి, కళ్ళజోడు లేకపోయినా సవరించుకున్నట్టు చేసి, ఆయన మొహంలోకి చూశాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అయినా వీధికి వినపడేలా అన్నాను.

"ఎనిమిది."

చిన్నాయన చెయ్యి దించాడు. చెప్పులు వేసుకుని, భుజం రుద్దుకుంటూ, మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు.